నావకు కట్టిన గాలిపటము

సంక్రాంతి సెలవులలో మా యూరి చెరువుగట్టున నేనును నా యీడు పిల్లలును గాలిపటములు ఎగురవేయుచుండగా, పైకిపోయిన పటము చేతిలోని దారమును ఈడ్చు ఈడ్పును చూచి, ఇంత బలముతో లాగునది ఒక పడవను లాగలేదా యను ప్రశ్న మాలో ఎవ్వనికో పుట్టినది. పడవ యెక్కడిది? గెల కోసివేసిన అరటిబోదెను రెండు మూరల తునకగా నరికి, దాని నడుమ ఒక వెదురుపుల్లను కూపస్తంభమువలె గ్రుచ్చి, పుల్లకొనకు దారమును ముడివేసి నీట విడిచితిమి. గాలి విసరగనే బోదె ఒక్క పొరలు పొరలెను, పుల్ల మునిగెను, దారము తడిసెను, పటము తామరాకులపై కూలెను. రెండవమారు పుల్లను పెరికివేసి, బోదె ముందుకొనను నీటిమట్టమునకు దగ్గరగా ఒక మేకు దిగగొట్టి, దారమును దానికి కట్టితిమి. ఈమారు బోదె పొరలలేదు. ముక్కు కొంచెము పైకెత్తి, నీటిపై సన్నని గీత గీయుచు, ఆవలిగట్టువైపు మెల్లగా సాగిపోయెను. నడిచెరువు చేరునప్పటికి గాలి పడిపోవుటయు, దారము వదులై పటము నీట వ్రాలుటయు, దానిని తెచ్చుటకై దిగిన ఈతగాని కాళ్లకు తడిదారము చుట్టుకొనుటయు, వాని కేకలకు పెద్దలు పరుగెత్తుకొని వచ్చుటయు వెంటవెంటనే జరిగినవి. ఆనాడు తిన్న చీవాట్లు ఇప్పుడు జ్ఞప్తికి లేవు గాని, నావలకు గాలిపటములు కట్టు విద్యను గూర్చి ఎచ్చట చదివినను, దారము ఎచ్చట కట్టవలెను, గాలి తగ్గిన నేమగును, వదులైన దారము దేనికి చుట్టుకొనును అను మూడు విషయములను ఆ అరటిబోదె ముందే చెప్పినదని తోచుచుండును.

ఆ యూహ లోకమున మాకే మొదట తట్టినదని నాడు మురిసిపోయితిమి. మాకంటె ఎన్నో తరములకు ముందే దానిని అనుభవమునకు తెచ్చుకొన్న బాలుడొకడు అమెరికాలో నుండెను. మెరుపులోని విద్యుత్తును గాలిపటముతో శోధించిన ఘనుడుగా లోకమెరిగిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1773లో ఒక ఫ్రెంచి మిత్రునకు వ్రాసిన లేఖలో తన చిన్ననాటి వినోద మొకదానిని స్మరించెను. ఇంచుమించు ఒక మైలు వెడల్పుగల చెరువు ఒడ్డున పటము నెగురవేయుచు, దారమును ఒక కొయ్యకు కట్టి తాను ఈతకు దిగెనట. పటమును విడిచి యుండ మనసొప్పక మరల ఒడ్డునకు వచ్చి, దారపు పుల్లను చేతబట్టి నీటిపై వెల్లకిల పరుండగా, అది యతనిని ఏ శ్రమయు లేకుండ ఆవలితీరమునకు ఈడ్చుకొని పోయెను. బట్టలు మోసికొని చుట్టు తిరిగి నడువవలసిన భాగ్యము తోటి బాలునకు దక్కినది. ఆ లేఖలో ఒక చిన్నమాట కలదు: తాను పటమును మరీ త్వరగా అనుసరించినపుడు అది క్రిందికి దిగజొచ్చెననియు, కొంచెము నిలిచి దాని లాగుడునకు ఎదురుపట్టినచో తిరిగి పైకి లేచెననియు. ఈ మాటను చదువరులు మూట గట్టి యుంచుకొందురు గాక. మోటారు సంగతి వచ్చునప్పుడు దీనితో పని పడును. ఈ యుపాయముచేత ఇంగ్లాండులోని డోవరునుండి ఫ్రాన్సులోని కెలేకు సముద్రమునే దాటవచ్చునేమో యని ఊహించి, అయినను టపా ఓడయే మేలని కూడ ఆయన చమత్కరించెను.

ఇంగ్లాండులోని బ్రిస్టలు నగరమున బడిపంతులుగా నుండిన జార్జి పోకాక్ ఈ వినోదమును వ్యవహారములోనికి దింప జూచినవాడు. గుఱ్ఱములకు బదులు గాలిపటములు లాగు బండి నొకదానిని నిర్మించి, దానికి చార్వోలెంట్ అని పేరిడి, 1826లో పేటెంటు పొందెను. ఒక పటము వెనుక మరియొక పటమును కట్టి, నాలుగు త్రాళ్లతో వానిని వంచుచు త్రిప్పుచు, గంటకు ఇరువది మైళ్లకు మించిన వేగముతో బాటపై పరుగెత్తించెనట. ఆ కాలమున రహదారి సుంకము బండిని లాగు పశువుల లెక్కనుబట్టి వసూలు చేయుచుండిరి. గాలికి కాళ్లు లేవు గనుక పంతులుగారి బండికి సుంకము పడలేదు. పంతులుగారు కుర్చీలో కూర్చుండబెట్టి గాలిపటముతో ఆకాశమునకు ఎత్తించిన కుమార్తె మార్తాకు తరువాతి కాలమున పుట్టినవాడే క్రికెట్టు ఆటలో పేరుమోసిన డబ్ల్యు. జి. గ్రేసు. తల్లికి లేని భయము కుమారునకు బంతియెదుట నుండుట కవకాశమేమి? తన పటములు నేలమీద బండినే గాక, నీటిమీద నావను కూడ లాగగలవని పోకాక్ దృఢముగా నమ్మెను.

ఫ్రాంక్లిన్ ఛలోక్తిగా విడిచిపెట్టిన ఆ డోవరు కెలేల నడిమి సముద్రమును గాలిపటముతో దాటి చూపినవాడు శామ్యూల్ ఫ్రాంక్లిన్ కోడీ. పేరులో కూడ ఒక ఫ్రాంక్లిన్ చేరుట యాదృచ్ఛికము. అమెరికాలో పుట్టి, ఇంగ్లాండునకు వచ్చి, గుఱ్ఱపుస్వారీ తుపాకిగుఱి ప్రదర్శనలతో నాటకశాలలను నింపిన ఈ విచిత్రపురుషుడు, మనుష్యుని పైకెత్తగల పెద్ద పెట్టెపటములను కల్పించి సైనికాధికారుల దృష్టిని ఆకర్షింపదలచెను. డోవరునుండి బయలుదేరిన ప్రయత్నములు ఫలింపకపోగా, గాలి దిక్కును గణించి ఆవలితీరమునకు పోయి, 1903 నవంబరులో ఒక రాత్రి కెలేనుండి చిన్న పడవలో ఒంటరిగా బయలుదేరెను. రెండు తీరములును మిక్కిలి సమీపించిన చోట ఆ జలసంధి వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే. దానిని దాటుటకు ఆయనకు పదుమూడు గంటలు పట్టెను. చీకటిలో తలపై నెచ్చటనో ఎగురుచున్న పటమును కంటితో చూడలేక, త్రాటి బిగువును చేతితో మాత్రమే తెలిసికొనుచు తెల్లవారువరకు కూర్చున్న ఆ మనుష్యుని ఓర్పును తలచుకొన్నచో, ఐదేండ్ల తరువాత 1908 అక్టోబరు 16న బ్రిటన్‌లో ఇంజనుగల విమానమును తొలుత నెగిరించినవాడు ఆయనయే యని వినుట యాశ్చర్యము గాదు.

ఇంతవరకు చెప్పిన వారెవ్వరికిని మోటారు లేదు. గాలి యెటు తీసికొనిపోయిన అటు పోయిరి. చిన్న మోటారు పడవగలవాడు అట్లుగాదు. వానికి ఇంటికి తిరిగివచ్చుటకు యంత్రము కలదు. పోవునప్పుడు గాలి ఊరక వీచుచుండగా పెట్రోలు నేల కాల్పవలెనను చింత మాత్రమే కలదు. ఆ చింతకు పూర్వులు చూపిన మందు తెరచాప. తెరచాపకు కొయ్య కావలెను, కొయ్యకు బిగింపుత్రాళ్లు కావలెను, ఆ యెత్తున గాలి నెట్టునప్పుడు పడవ ఒరగకుండ అడుగున బరువు కావలెను. మా అరటిబోదె వెదురుపుల్లతో పొరలి, మేకుతో పొరలక సాగుటలోని మర్మ మిదియే. తెరచాప బలము పడవకు ఎత్తున తగిలి దానిని ప్రక్కకు కూలద్రోయజూచును; గాలిపటము ఎంత యెత్తున నున్నను, దాని బలము పడవకు తగులుచోటు త్రాడు కట్టినచోటే గనుక, ముక్కుదగ్గర తక్కువలో కట్టినచో ఒరగుట లేదు సరిగదా, ముక్కు కొంచెము పైకి లేచి అలలపై తేలికగా పోవును.

పటమునకు గల రెండవ లాభము ఎత్తు. నీటికి దగ్గరగా వీచు గాలి అలల రాపిడిచేత మందగించును; పైకి పోయినకొలది గాలి చురుకగును. విశాలమైన నీటిపై సాధారణముగా 10 మీటర్ల యెత్తున గంటకు 18 కిలోమీటర్ల గాలి యున్నప్పుడు 100 మీటర్ల యెత్తున దరిదాపు 25 కిలోమీటర్లుండును. ఇదేమంత హెచ్చని తోపవచ్చును. కాని గాలి యొక్క నెట్టుడు వేగముతో పాటు గాక, వేగము యొక్క వర్గముతో పెరుగును. వేగము రెండింతలైన బలము నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. లెక్కకొరకు ఒక చిన్న గది నేలయంత, అనగా 10 చదరపు మీటర్ల పటమును తీసికొందము. 18 కిలోమీటర్ల గాలిలో అది కదలక నిలిచి సుమారు 12 కిలోల బరువుతో లాగును. 25 కిలోమీటర్ల గాలిలో 23 కిలోలతో లాగును. అదే పటమును రెండు త్రాళ్లతో పట్టి, ఆకాశమున ఎనిమిది అంకెవలె అటునిటు దూసికొనిపోవునట్లు నడిపినచో, తన పరుగుచేత తనకు తానే గాలిని కల్పించుకొని, 54 కిలోమీటర్ల వేగమున నూరు కిలోలకు పైబడిన లాగుడు నిచ్చును. అలలపై పలకమీద నిలిచి పటముతో దుముకులాడు యువకుల బలమంతయు ఈ పరుగులోనిదే. ఫ్రాన్సుదేశపు బ్రిటనీ తీరమున లెగెన్యూ అను అన్నదమ్ములు, అంచున గాలి నింపిన గొట్టముండుటచేత నీటబడినను మునుగక మరల లేవగల పటమునకు 1984లో పేటెంటు తీసికొన్న పిమ్మట ఆ క్రీడ లోకమంతట ప్రాకినది.

అయితే ఒక చేత చుక్కానిని పట్టి, ఒక కంట నీటిని, ఒక కంట వాతావరణమును చూచుకొనవలసిన చిన్నపడవవాడు ఆ పరుగుల పటము జోలికి పోకుండుటయే మేలని నా యభిప్రాయము. ఒకే త్రాటిమీద స్థిరముగా నిలుచు పటము తక్కువ లాగును. కాని చెప్పినమాట వినును.

ఇక ఫ్రాంక్లిన్ మాటను మూట విప్పుదము. పటమునకు అనుభవమగు గాలి, లోకమున వీచు గాలి గాదు. దానిలోనుండి పడవ వేగమును తీసివేయగా మిగిలిన గాలి. వెనుకనుండి 25 కిలోమీటర్ల గాలి పైన వీచుచుండగా పడవ గంటకు 8 కిలోమీటర్ల నెమ్మదినడకతో పోవుచున్నదనుకొందము. పటమునకు మిగులునది 17; లాగుడు 10 కిలోలకు కొంచెము పైన. త్రాడు ఏటవాలుగా పైకి పోవును గనుక అందులో కొంత పైకెత్తుటకు పోయి, ముందుకు లాగుటకు 8 కిలోలు నిలుచును. ఒక టన్ను బరువుగల ఆరుమీటర్ల పడవ ఆ నెమ్మదినడకకు కోరునది 15 మొదలు 20 కిలోల లాగుడు మాత్రమే గనుక, ఇంచుమించు సగము పని గాలి చేసిపెట్టినట్లయినది. ఇప్పుడు పడవవాడు ఉత్సాహము పట్టలేక మోటారు వేగమును పెంచి 16 కిలోమీటర్లకు పోయెననుకొనుడు. పటమునకు మిగులునది 9. లాగుడు 3 కిలోలు. ఇంకను పెంచినచో త్రాడు సడలి, పటము తూలి, వాని నెత్తిపైననే వచ్చి పడును. ఆ వేగమున నీటిపైకి లేచి దూకు పడవకు నూరు కిలోలకు మించిన త్రోపుడు కావలెను. దాని యెదుట మూడు కిలోల సాయ మేపాటిది? కావున మోటారు గొంతు నొక్కినవానికే పటము ఊపిరి పోసికొనును. త్వరగా పోవలెనను పట్టుదలగలవాడు పటమును ఇంటివద్ద దూలమునకు తగిలించి రావచ్చును.

ప్రక్కగాలి సంగతి వేరు. గోదావరి డెల్టా కాలువలలో గట్టున నడుచు మనుష్యులు పడవకు త్రాడు కట్టి లాగుట పాతకాలపువా రెరుగుదురు. త్రాడు పడవను ఏటవాలుగా గట్టువైపునకే లాగును. అయినను సరంగు చుక్కానిని ఆవలికి త్రిప్పి పట్టుటచేతను, పడవ పొడవైన ప్రక్క నీటిని అడ్డగించుటచేతను, అది గట్టును గుద్దుకొనక కాలువవెంట ముందుకు సాగును. ప్రక్కకు లాగు పటముతో ముందుకు పోవుటయు ఇట్టిదే. దానికి రెండు వసతులు కావలెను: పటమును గాలికి అడ్డముగా ముందువైపునకు నడిపి నిలుపగల రెండుత్రాళ్ల పట్టు ఒకటి, పడవ అడుగున నీటిలోనికి దిగి ప్రక్కకు జారనీయని పలక యొకటి. బల్లపరుపు అడుగుగల మోటారు పడవకు ఆ పలక యుండదు. అట్టిదానికి ప్రక్కగాలిలో పటము కట్టినచో, పీతవలె అడ్డముగా నడచును. సామాన్యపు మోటారు పడవ వెనుకగాలితోడనే తృప్తిపడవలెను.

పెద్ద ఓడలవారు ఈ విద్యను యంత్రములకు అప్పగించిరి. జర్మనీలోని హాంబర్గునందు స్కైసెయిల్స్ వారు నిర్మించిన 160 చదరపు మీటర్ల పటముతో బెలూగా స్కైసెయిల్స్ అను సరకుల ఓడ 2008 జనవరిలో బ్రేమర్‌హావెన్ రేవునుండి వెనిజులాకు తొలిప్రయాణము చేసెను. పటమును త్రిప్పుటకు మనుష్యుని చేతులు గాక, త్రాటిపై వ్రేలాడు పెట్టెలోని గణకయంత్రము పనిచేసెను. పత్రికలు ఆనాడు ఎంత యార్భాటము చేసినను, ఓడ యజమానులైన బెలూగా వారు మూడేండ్లకే దివాలా తీయుటచేతను, ఓడల యజమానులు లాభనష్టముల లెక్క తేలకుండ క్రొత్తదానిని ముట్టరు గనుకను, ఆ పటములు రేవురేవునను కానవచ్చు కాలము రాలేదు. చిన్నపడవలవారికి దగ్గరివాడు ఫ్రాన్సుదేశపు నావికుడు ఈవ్ పార్లియే. ఒంటరిగా భూప్రదక్షిణము చేయు పందెములో కొయ్య విరిగిపోగా, న్యూజీలాండు దీవుల చాటున లంగరు వేసి, ఇతరుల సాయము పుచ్చుకొనక తానే దానిని అతికి నిలిపి, సముద్రపు నాచు తిని ఆకలి తీర్చుకొని పందెము ముగించిన ధీరుడు. కొయ్యతో అన్ని యిక్కట్లు పడినవాడు తరువాతి జీవితమును కొయ్య యక్కరలేని గాలిపటముల పరిశోధనకు అంకితము చేయుట సహజమే.

పటమును ఎత్తుట మోటారు పడవలో సులభము. పిల్లవాడు దారము పట్టుకొని ఎదురుగాలికి పరుగెత్తునట్లే, పడవను గాలికి ఎదురుగా మెల్లగా నడిపి, వెనుకవైపున పటమును చేతనెత్తి విడిచినచో అది గాలి త్రాగి లేచును. పిమ్మట త్రాడును ముక్కువద్దకు చేర్చి, పడవను గాలివాలునకు త్రిప్పవలెను. ఈ త్రిప్పుటలోనే మెలకువ. వెనుక కట్టిన త్రాడుతో పడవను గాలివాలునకు పంపినచో, పడవ వెనుదిరిగి, వెనుకభాగమే ముందుగా ఈడ్వబడి నీరు లోనికి రావచ్చును. నడుమ ప్రక్కను కట్టినచో ఒరగును. ముక్కుకు ఇరుప్రక్కల రెండు ఉంగరములు బిగించి, వానినుండి రెండు త్రాళ్లు తెచ్చి ముందు ముడివేసి, ఆ ముడికి పటపుత్రాడు తగిలించుట యుత్తమము. గాలిపటము ఎదపై మనము కట్టు సూత్రము వంటిదే ఇదియు. ఎద్దు ముకుతాడువలె పడవ ముక్కు పటము వెంట తానే తిరుగును. ముడివద్ద ఒక్క గుంజుతో విడిపోవు కొక్కెమును, చేతికందునట్లు ఒరలేని కత్తియు తప్పక యుండవలెను. త్రాటిని వ్రేళ్లకు చుట్టుకొనువాడు వ్రేళ్ల నెరుగనివాడు. 2024 వరకు అమలులో నుండిన మన 1934 నాటి విమానచట్టము విమానమను పదమునకు చెప్పిన నిర్వచనములో బెలూనులతో పాటు గాలిపటములను కూడ చేర్చినది; విమానాశ్రయముల చాయలకు నూరుమీటర్ల యెత్తున పటము నెత్తుకొని పోదలచినవాడు ఆ సంగతి తలంపున నుంచుకొనుట మంచిది.

దింపుట మాత్రము సులభము గాదు. ఇప్పటి పటపుత్రాళ్లు బరువును బట్టి చూచిన ఉక్కుకంటె ఎంతయో బలమైన డైనీమా నారతో పేనినవి; అవి నీటికంటె తేలిక. త్రాడు మునిగిపోయిన బెంగలేదు. అది తేలుచు, పడవ క్రిందికి తానే వచ్చి, తిరుగుచున్న మరరెక్కలకు చుట్టుకొనును. మా ఈతగాని కాళ్లు మనుష్యుని కాళ్లు గనుక కేక వేసినవి. మోటారు కేక వేయదు, ఒక మూలుగు మూలిగి ఆగిపోవును. అప్పుడు తీరము గాలివాలున నున్నచో పటమును లేదు, యంత్రమును లేదు, రాళ్లు మాత్రము దగ్గరపడుచుండును.

అందుచేత అలవాటుపడినవాడు చేయున దిది. గాలి ఇంకను నిలుకడగా నున్నప్పుడే, సాయంకాలపు మాంద్యము రాకమునుపే, దింపుటకు సిద్ధపడును. మోటారును కొంచెము హెచ్చించి పటము వైపునకే పోవును. ఫ్రాంక్లిన్ చెప్పినట్లు పటము బలము తగ్గి క్రిందికి దిగజొచ్చును. ముందున్న మనుష్యుడు చేతితొడుగులతో త్రాటిని బారలు బారలుగా లాగి, కాళ్ల సందునగాక ఒక బుట్టలో చుట్టలుగా వేయుచుండును. పటము ఇరువది బారల దూరమునకు రాగానే మోటారును గేరునుండి తప్పించి రెక్కలను నిలిపివేయును. పటము ముక్కు ముందు నీటిపై ఒక్కమారు చప్పట్లు చరచినట్లు వ్రాలును. దాని అంచును పట్టి, నీరోడుచున్న గుడ్డను లోనికి లాగి, చివరి బార త్రాడు కూడ బుట్టలో పడినదని వ్రేలుపెట్టి చూచుకొని, అప్పుడు మోటారును గేరునకు తగిలించి పడవ ముఖమును ఇంటివైపు త్రిప్పును. ఇంటిత్రోవ ఎదురుగాలి. పోవునప్పుడు మిగిలిన పెట్రోలంతయు వచ్చునప్పుడు కాలుచుండగా, తడిసిన పటము పడవ అడుగున మడతలుపడి, చేపల తట్టకు ఆనుకొని యుండును.